ఓడ ఎక్కే ముందు వారం: ఇంట్లో ఏం చేయాలి, ఏం మానేయాలి

క్రూజ్ బుక్ చేసిన రోజు నుంచి నెలలు చల్లగా గడిచిపోతాయి. చివరి వారం వచ్చేసరికి మాత్రం ఇంట్లో పెళ్లి హడావిడి మొదలవుతుంది. ఒక సాయంత్రం సుల్తాన్ బజార్, ఇంకో సాయంత్రం మాల్. మధ్యలో "వెళ్లేలోపు ఒకసారి భోజనానికి రండమ్మా" అని పిన్నిగారి ఫోను. ఆఖరి రాత్రి రెండింటిదాకా సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగడం. తీరా ఓడ ఎక్కేసరికి గొంతు నొప్పి, కడుపులో గడబిడ. మొదటి రోజంతా కేబిన్‌లో నిద్రపోతారు. బాల్కనీ రూముకి అదనంగా కట్టిన డబ్బు అక్కడే పోతుంది.

కాబట్టి ఆ వారాన్ని కావాలని ఖాళీగా ఉంచుకోండి. సెలవు దొరికితే ప్రయాణానికి ముందు రెండు రోజులు పెట్టండి. దొరకకపోతే సాయంత్రాలైనా ఇంట్లో ఉండండి. రోజుకు ఒక్క పనే పెట్టుకోండి. పనుల వరుసకు ఒక సూత్రం చాలు: ఇతరుల చేతిలో ఉన్నవి ముందు, మన చేతిలో ఉన్నవి తర్వాత. టికెట్‌లో పేరు సరిచేయడం ఏజెంటు చేతిలో ఉంది, బట్టలు మడతపెట్టడం మన చేతిలో ఉంది. చాలామంది బట్టలతో మొదలుపెడతారు, ఎందుకంటే అది సరదా పని.

ఉదాహరణకు శనివారం శంషాబాద్ నుంచి సింగపూర్ ఫ్లైటు, ఆదివారం అక్కడ ఓడ, పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి సింగపూర్ అనుకుందాం. మన ఊళ్లో చాలామంది వెళ్లే దారి ఇది. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లేవాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాను.

ఆదివారం: కాగితాలన్నీ బల్ల మీద పరచండి

పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా చూడండి. పిల్లల పాస్‌పోర్టులు ముఖ్యంగా చూడండి, వాటి గడువు ఐదేళ్లే.

తర్వాత పేరు. తెలుగువాళ్లకు అసలు తలనొప్పి ఇక్కడే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. విమానం టికెట్‌లో ఒక్క అక్షరమే పడుతుంది. క్రూజ్ బుకింగ్‌లో ఇంటిపేరే చివరికి వెళ్లి కూర్చుంటుంది. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఇంకోచోట. పాస్‌పోర్టు, విమానం టికెట్, వీసా, క్రూజ్ బుకింగ్, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా కనిపిస్తే సోమవారం పొద్దున్నే ఏజెంటుకు ఫోన్ చేయండి. గురువారం గుర్తిస్తే మిగిలేది టెన్షన్ ఒక్కటే.

సింగపూర్ వీసా కాగితంలో మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో చూడండి. విమానం దిగడం ఒక ఎంట్రీ, ఓడ తిరిగొచ్చి దిగడం రెండో ఎంట్రీ. సింగపూర్ అరైవల్ కార్డు అని ఇంకొకటి ఉంది. దాన్ని దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే నింపాలి కాబట్టి ఇవాళ కుదరదు. గురువారం అలారం పెట్టుకోండి. దానికి రుసుము లేదు. గూగుల్‌లో వెతికితే డబ్బు అడిగే సైట్లు పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. సింగపూర్ ఇమిగ్రేషన్ సంస్థ సొంత సైట్‌లోనే నింపండి. మలేషియా, థాయ్‌లాండ్ దేశాలకు కూడా ఇలాంటి ఆన్‌లైన్ కార్డులున్నాయి. మీ ఓడ ప్రయాణికులకు ఏవి అవసరమో క్రూజ్ కంపెనీ మెయిల్‌లో రాస్తుంది. ఆ మెయిల్ సాధారణంగా ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. తీసి మొత్తం చదవండి.

అదే కూర్చోవడంలో ఓడకు ఆన్‌లైన్ చెక్-ఇన్ కూడా పూర్తి చేయండి. టెర్మినల్‌కు ఎన్ని గంటలకు రావాలో అక్కడే ఎంచుకోవాలి, మంచి టైములు ముందు చేసుకున్నవాళ్లకే దొరుకుతాయి. లగేజీ ట్యాగులు వస్తే వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాగితాలు రెండు సెట్లు తీసి ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, ఒకటి ఇంట్లోవాళ్లకో అన్నయ్యకో ఇవ్వండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు క్రూజ్ ప్రయాణం కవర్ అవుతుందో లేదో తప్పకుండా అడగండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఫీజు గట్టిగానే ఉంటుంది.

ముంబై నుంచి దేశం లోపలే తిరిగి వచ్చే ఓడకు సాధారణంగా పాస్‌పోర్టు అక్కర్లేదు, ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు చాలు.

సోమవారం: ఫోను, బ్యాంకు

సముద్రం మధ్యలో జియో, ఎయిర్‌టెల్ టవర్లు ఉండవు. ఓడకు ఉపగ్రహంతో నడిచే సొంత నెట్‌వర్క్ ఉంటుంది. మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్‌లు ఎక్కువగా దానికి పనిచేయవు. తెలియకుండా ఫోను దానికి అతుక్కుంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్ వేసి, కావాలంటే ఓడలోని వైఫై ప్యాకేజీ కొనుక్కోండి.

అంటే ఓటీపీ రాదు. చాలామంది మరిచిపోయే సంగతి ఇది. క్రెడిట్ కార్డు గడువు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, చిట్టీ వాయిదా, ఆ నాలుగైదు రోజుల్లో ఏది పడినా ఇవాళే కట్టేయండి. కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి. ఓడలో లోపల నగదు వాడరు. కేబిన్ తాళంగా ఇచ్చిన కార్డే గీకుతారు, లెక్క చివర్లో తేలుతుంది. టిప్పు కూడా చాలా ఓడల్లో రోజు లెక్కన దానంతటదే ఆ ఖాతాలో పడుతుంది. అది చూసి రిసెప్షన్‌లో గొడవపడే మనవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బుకింగ్ కాగితంలో ముందే రాసి ఉంటుంది, ఇప్పుడే చదివేస్తే అక్కడ పరువు దక్కుతుంది.

అమ్మానాన్నలకు ఒక మాట గట్టిగా చెప్పండి: "ఫలానా రోజు సాయంత్రం నుంచి ఫోన్ కలవదు, కంగారు పడొద్దు." ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో కాగితం మీద రాసి వాళ్ల ఫ్రిజ్‌కు అంటించి రండి. వాట్సాప్‌లో పంపితే ఆ రోజు వెతికేటప్పటికి దొరకదు.

మంగళవారం: మాత్ర వేసుకుని చూడండి

శ్రీశైలం ఘాట్ రోడ్డులో కవర్ పట్టుకుని కూర్చునే మనిషి ఇంట్లో ఎవరైనా ఉన్నారా? అయితే ఈ రోజు వాళ్లది. పెద్ద ఓడలకు ఇరువైపులా నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఊపును చాలావరకు అణచేస్తాయి. సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్లే మలక్కా జలసంధి మామూలుగా శాంతంగానే ఉంటుంది. ఫుకెట్ వైపు అండమాన్ సముద్రం మాత్రం నైరుతి రుతుపవనాల నెలల్లో మొండికేస్తుంది. మన పడమటి తీరంలోనూ అంతే, అందుకే ముంబై క్రూజ్‌లు వానాకాలం ఆపేస్తారు.

ఫ్యామిలీ డాక్టరును కలిసి ఎవోమిన్ లాంటి మాత్ర మీకు సరిపడుతుందో అడగండి. ప్రోస్టేట్, గ్లాకోమా, గుండె సమస్యలున్న పెద్దవాళ్లు, గర్భిణులు అడగకుండా వేసుకోకూడదు. డాక్టరు సరేనంటే ఆ మాత్ర మొదటిసారి ఓడలో వేసుకోకండి, ఈ ఖాళీ వారంలో ఒక రాత్రి ఇంట్లోనే వేసుకుని చూడండి. కొందరికి దాంతో మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తు వదలదు. ఆ సంగతి ఇంట్లో తెలిస్తే మంచం ఉంది, ఓడలో తెలిస్తే పెనాంగ్ పోయినట్టే. ఇంకో మాట, వాంతి మొదలయ్యాక మింగితే మాత్ర కడుపులో నిలవదు. ఓడ కదలడానికి అరగంటో గంటో ముందే పడాలి. అల్లం మురబ్బా కూడా కొందరికి బాగా పనిచేస్తుంది.

బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకు లెక్కేసి, పైన మూడు నాలుగు రోజులకు ఎక్కువ తెచ్చుకోండి. డబ్బాల్లోకి మార్చకుండా స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్ కాపీతో పెట్టుకోండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులకు సింగపూర్‌లో ముందస్తు అనుమతి అవసరం కావచ్చు. అలాంటివి వాడుతుంటే ఇవాళే కనుక్కోండి, ఆ జవాబు రావడం మీ చేతిలో లేదు.

బుధ, గురువారాలు: ఏమీ చేయకండి

నవ్వకండి, ఈ వారంలో కష్టమైన అడుగు ఇదే. ఫోన్లు వస్తాయి, శుభలేఖలు వస్తాయి, ఆఫీసులో ఎవరో ట్రీట్ అంటారు. "వచ్చాక కలుద్దాం" అనే మాట అలవాటు చేసుకోండి. ఓడ ఎక్కేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపించుకుంటారు. ఈ మధ్య జ్వరం, విరేచనాలు, వాంతులు ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయంటే డాక్టరు చూస్తారు, ఆపేయనూ వచ్చు. వేల మంది ఒకే భోజనశాలలో తినే చోట వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటిది ఒక్కరికి అంటితే చాలు, అందుకే వాళ్లకు అంత భయం. అర్ధరాత్రి బిర్యానీ, రోడ్డు మీద పానీపూరీ తిరిగొచ్చాక తినొచ్చు. ఇరానీ చాయ్‌కి మాత్రం నేను అడ్డు చెప్పను.

తిండి సంగతి ఫ్రిజ్జే నిర్ణయిస్తుంది. ఉన్నవి అవగొట్టాలి. సగం సొరకాయ, రెండు మునక్కాడలు, ముసలి టమాటాలు మిగిలాయా? పులుసు పెట్టేయండి. కొత్తిమీర కట్ట వాడిపోయే లోపు పచ్చడి. దోసెల పిండి ఇక కలపొద్దు. గురువారానికల్లా చారు, కందిపొడి, పెరుగు, అప్పడాల స్థితికి రావాలి. ఓడలో బఫే చాలాసేపు తెరిచే ఉంటుంది, కేకుల దగ్గరా పుడ్డింగుల దగ్గరా మనసు ఆగదు. దానికి ముందు నాలుగు రోజులు చారన్నం తిన్న కడుపు మీకు రుణపడి ఉంటుంది.

పొద్దున్న, సాయంత్రం నడవండి. కేబీఆర్ పార్కు దగ్గరైతే అక్కడ, లేకపోతే మేడ మీద. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ ఓడ పొడవు సుమారు 335 మీటర్లు, అంతస్తులు 18. కేబిన్ ఒక కొసన, భోజనం ఇంకో కొసన, లిఫ్టుల దగ్గర క్యూ. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, మామగారు వస్తుంటే వీల్‌చైర్ కావాలని ఇప్పుడే మెయిల్ పెట్టండి. కొత్త చెప్పులు, బూట్లు కొన్నారా? వేసుకుని ఇంట్లోనే తిరగండి, కరిస్తే ఇక్కడే కరవనివ్వండి.

మధ్యాహ్నం పడుకోండి. పిల్లలకు సెలవులైతే క్యారమ్స్ బోర్డు తీయండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఈ రెండు రోజులూ గంట ముందు పడుకుని గంట ముందు లేస్తే అక్కడ తేలిక. గురువారం రాత్రి అరైవల్ కార్డు నింపడం ఒక్కటే పని.

శుక్రవారం పొద్దున: సర్దుడు

మంచం మీద అన్నీ పరిచి, అందులోంచి మూడో వంతు తిరిగి బీరువాలో పెట్టండి. సముద్రం అంటే ఉక్కపోత అనుకుంటాం గానీ ఓడ లోపల ఏసీ గట్టిగా ఉంటుంది, థియేటర్‌లో మరీ. తలా ఒక స్వెటరో శాలువానో ఉండాలి. రాత్రి భోజనానికి ఒక మంచి జత, కాటన్ చీరలు, లేదా ఉతికి ఆరేసుకోగల కుర్తీలు. ఈతకొలనులో కాటన్ టీషర్టుతో దిగనివ్వరు, స్విమ్‌సూట్ బట్ట కావాలి.

వద్దన్నవి ఇవి: ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తీలు. నిప్పు విషయంలో ఓడవాళ్లు అసలు రాజీపడరు, స్కానింగ్‌లో దొరికితే తీసి పక్కన పెట్టేస్తారు. పూజ చేసుకునేవాళ్లు చిన్న పటం, కుంకుమ భరిణె పెట్టుకోండి, దీపం మనసులోనే. సింగపూర్ కోసం ఇంకొన్ని తీసేయాలి: చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు, గుట్కా, ఖైనీ. గసగసాలు కూడా అక్కడ నిషిద్ధం, మసాలా పొడి తీసుకెళ్లాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, విమానాశ్రయంలోనే బయటికి తీస్తారు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే.

పచ్చళ్ల గురించి అడుగుతారని తెలుసు. ఇంట్లో వండినవి చాలా ఓడలు లోపలికి రానివ్వవు. షాపులో సీలు వేసిన పొడి చిరుతిళ్లయితే ఎక్కువచోట్ల అభ్యంతరం ఉండదు. ఆవకాయ సీసా కోసం టెర్మినల్‌లో వాదించే బదులు, చిన్న సీలు ప్యాకెట్లు కొనుక్కుని ఓడకు ముందు రోజు హోటల్‌లో పెరుగన్నంతో తినేయండి.

ఒక యూనివర్సల్ అడాప్టరు, రెండు మూడు అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్లండి. కేబిన్ గోడలు లోహంతో చేసినవి, కొక్కెం అంటుకుంటుంది, తడి బట్టలూ టోపీలూ తగిలించుకోవచ్చు.

చేతి సంచి విడిగా, శ్రద్ధగా సర్దండి. టెర్మినల్‌లో పెద్ద సూట్‌కేసులు వాళ్లే తీసుకుంటారు, అవి కేబిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. ఆలోపు కావలసినవన్నీ మీ దగ్గరే ఉండాలి: పాస్‌పోర్టు, మందులు, కళ్లజోడు, ఛార్జరు, ఒక జత బట్టలు, ఈత బట్టలు. మొదటి మధ్యాహ్నం ఈతకొలను దాదాపు ఖాళీగా ఉంటుంది, చేతి సంచిలో స్విమ్‌సూట్ ఉన్నవాళ్లదే ఆ రాజ్యం.

శుక్రవారం సాయంత్రం: ఇల్లు

పాలు, పేపరు ఆపమని చెప్పండి. నగలు బ్యాంకు లాకరులో పెట్టడం ఈపాటికి అయిపోయి ఉండాలి. తాళం వేసి ఊరెళ్తున్నామని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పడం మంచిది, పోలీసులే ఏటా పండగ సెలవులకు ముందు ఈ మాట అడుగుతుంటారు. ఓడ ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం తిరిగొచ్చాకే.

సొంత ఇల్లయితే నీళ్లు వదిలే రోజున సంపు నిండి పొంగకుండా వాల్వు కట్టమని వాచ్‌మన్‌కో పక్కింటి వదినగారికో అప్పగించండి. తులసి కుండీకి నీళ్లు పోయడం కూడా ఆవిడకే. బాల్కనీ తలుపు సందులు చూసుకోండి. వారం రోజులు ఇల్లు ఖాళీ అని హైదరాబాద్ పావురాలకు ఎలా తెలుస్తుందో గానీ, గూడు కట్టేస్తాయి. చెత్త బుట్ట ఖాళీ చేసి, గీజరు, మోటారు స్విచ్చులు, గ్యాస్ రెగ్యులేటరు ఆపండి. మంచాల మీద ఉతికిన దుప్పట్లు వేసి, తిరిగొచ్చిన రోజు ఉప్మాకు బొంబాయి రవ్వ డబ్బా కనిపించేచోట పెట్టండి.

శనివారం, ఆదివారం

అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. క్యాబ్ మీద అనుమానం ఉంటే పుష్పక్ బస్సు ఉంది. ఓడ రోజే విమానం దిగే ప్లాను మాత్రం ఎప్పుడూ వేయకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముంబై వెళ్లేవాళ్లు కూడా ఒక రోజు ముందే చేరండి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది, ఓడరేవు ఉన్న బల్లార్డ్ ఎస్టేట్ అక్కడికి దగ్గరే.

ఓడ ఎక్కగానే భద్రతా డ్రిల్‌కు వెళ్లండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకున్నప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ ప్రమాదంలో 32 మంది పోయారు. తర్వాత నిబంధన మార్చి, ఓడ బయల్దేరే ముందో బయల్దేరిన వెంటనేనో డ్రిల్ జరగాలన్నారు. ప్రమాదం వస్తే మీరు గుమిగూడాల్సిన స్థలం ఎక్కడో పిల్లలకు కూడా చూపించండి.

భోజనానికి ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. నోరోవైరస్ మీద శానిటైజరు అంతగా పనిచేయదు. రేవులో దిగి ఊరు చూసేటప్పుడు ఆ దేశానికి తగ్గట్టు మారిపోయే ఫోను గడియారం కాదు, ఓడ టైము నమ్మండి.

తిరిగొచ్చాక మర్నాడే ఆఫీసు పెట్టుకోకండి. ఒకటి రెండు రోజులు నిలబడి ఉన్నా నేల ఊగినట్టు, స్నానం చేస్తుంటే గోడ కదిలినట్టు అనిపించవచ్చు. చెవిలోని సమతుల్యం ఓడకు అలవాటు పడడం వల్ల అలా అవుతుంది, దానంతటదే తగ్గుతుంది. వారం దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.